వెనక్కి జారిన బుల్‌డోజరు

"మా ఆయన అబద్ధం చెబుతున్నారండీ. ఆ అబద్ధాన్ని మీరు ఎలాగైనా పట్టుకోవాలి," అంది ఆమె. కూర్చోమన్నా కూర్చోలేదు. కుర్చీ వీపు రెండు చేతులా పట్టుకుని నిలబడింది.

టైపిస్టుకు నవ్వొచ్చింది. టైర్ల కొట్టు పైనున్న ఆ రెండు గదుల ఆఫీసుకు, మొగుళ్ళ అబద్ధాలు పట్టుకోమంటూ వచ్చే భార్యలకు ఏనాడూ కొదవ లేదు. తర్వాతి మాట వినగానే మాత్రం, నవ్వినందుకు సిగ్గుతో చచ్చిపోయాడు.

"మనిషిని చంపానని ఒప్పేసుకున్నారండీ. ఆయన చంపలేదు."

బల్ల అవతలున్న పెద్దమనిషి కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. ఆయన్ని ఊరంతా చాదస్తంగారు అంటారు. ఇదివరకు చాటుగా అనేవారు, ఇప్పుడు ఎదురుగానే అంటున్నారు, ఆయనా పలుకుతున్నాడు. ఉద్యోగకాలమంతా బీమా కంపెనీ తరఫున కాలిపోయిన మిల్లులూ విరిగిపోయిన యంత్రాలూ చూసి, ఎవరి తప్పో తేల్చడమే ఆయన పని. ఆ ఉద్యోగం వదిలాక అదే పని సొంతంగా మొదలుపెట్టాడు. ఆయన అడిగినదే అడుగుతాడు, చూసినదే చూస్తాడు. టైపిస్టు దృష్టిలో మాత్రం భూమ్మీద అంతటి బుర్ర ఇంకొకటి లేదు.

"మొదట్నుంచీ చెప్పమ్మా," అన్నాడు చాదస్తంగారు.

ఆమెది కుట్టుపని. భర్త రాతిక్వారీలో బుల్‌డోజరు ఆపరేటరు. క్వారీ యజమాని ఈమధ్యే పాత బుల్‌డోజరు ఒకటి కొని, దానికి మెరిసే పసుపురంగు వేయించాడు. అంతవరకూ అది చదును నేల మీదే పనిచేసింది. కిందటివారం గుంటలోంచి పైకి కొత్త ర్యాంపు వేశారు. ఆ ర్యాంపు మరీ నిటారుగా ఉంది, ఎక్కించనని ఆపరేటరు అన్నాడు. ఎక్కించి తీరాలని మేస్త్రీ అన్నాడు. ఇద్దరూ అందరి ముందూ అరుచుకున్నారు. మర్నాడు పొద్దున బండి ర్యాంపు సగం ఎక్కి, ఉన్నట్టుండి వెనక్కి వచ్చేసింది. వెనకాల గుర్తులు పెడుతున్న మేస్త్రీ బండి చైను కింద పడి చనిపోయాడు.

"పొరపాటున రివర్సు వేశానని ఈయన పోలీసులతో అన్నారు. పొరపాటు కాదు, పగతో వేశాడని యజమాని అంటున్నాడు. హత్య కేసు పెడతారట. ఇన్నేళ్ళలో ఆయన చెయ్యి ఒక్కసారి కూడా లివరు తప్పలేదండీ. మా నాన్న నేర్పిన పని అది."

"మీ నాన్నగారు కూడా ఆపరేటరేనా?"

"మెకానిక్కు. ఆ క్వారీలోనే ముసలాడయ్యాడు. శిష్యుడు నచ్చి నన్నిచ్చి చేశాడు. ఇప్పుడు అల్లుడి పేరెత్తితే మొహం తిప్పుకుంటున్నాడు. స్టేషనుకి ఒక్కసారి కూడా రాలేదు."

ఆమె ఏడవలేదు. ఏడిస్తే బాగుండునని టైపిస్టుకు అనిపించింది. ఏడ్చేవాళ్ళకు ఓ గ్లాసు మంచినీళ్ళయినా ఇవ్వొచ్చు.

* * *

లాకప్పులో ఆపరేటరు మోకాళ్ళు కౌగిలించుకుని కూర్చున్నాడు. చాదస్తంగారు ఊచల ఇవతల స్టూలు మీద కూర్చున్నాడు.

"రివర్సు వేశావా?"

"వేశానండి."

"ఎందుకు?"

"పొరపాటండి."

"వేశాక ఏం చేశావు?"

"ఏముందండి, వెనక్కెళ్ళిపోయింది."

"ముందున్న బ్లేడు దించావా?"

"లేదండి."

"బ్రేకు తొక్కావా?"

"గుర్తులేదండి." అని తలెత్తి, "మా ఆవిడ మిమ్మల్ని పిలిచిందా? వెళ్ళిపొమ్మని చెప్పండి సార్. ఆవిడకి తెలీదు. దీన్ని ఇంతటితో వదిలెయ్యండి. మీకు దణ్ణం పెడతాను," అంటూ నిజంగానే చేతులు జోడించాడు.

బయటికొచ్చాక టైపిస్టు ఉండబట్టలేకపోయాడు. అతని నోట్లో నువ్వుగింజ నానదు. "నేరం చేసినవాడే, గురువుగారూ. వదిలెయ్యమని దణ్ణం పెడుతున్నాడు!"

"నేరం చేసినవాడు తనను వదిలెయ్యమంటాడోయ్. ఇతను కేసును వదిలెయ్యమంటున్నాడు. ఆ రెండూ వేరు," అన్నాడు చాదస్తంగారు.

* * *

క్వారీలో బుల్‌డోజరును షెడ్డు ముందు చదును మీద నిలిపారు. పోలీసుల తాడు చుట్టూ కట్టి ఉంది. రంగు చూస్తే కొత్తపెళ్ళికూతురు, పళ్ళు చూస్తే ముత్తవ్వ. చైను పళ్ళు అంతగా అరిగిపోయాయి.

క్వారీలో ఇప్పటి మెకానిక్కు కుర్రతనం దాటినవాడే, కానీ పోలీసుల భయంతో మాట తడబడుతోంది. "నేను మొత్తం చూశాను సార్. ఎస్సైగారి ముందే నడిపించాను. ముందుకెళ్తోంది, వెనక్కొస్తోంది. గేర్లన్నీ పడుతున్నాయి. గేరుబాక్సులో ఆయిలు కూడా సరిగ్గా గీత మీద ఉంది."

"ఎక్కడ నడిపించావు?"

"ఇక్కడే, ఈ చదును మీద."

"ర్యాంపు మీద?"

"మనిషి పోయిన చోటు కదా సార్, ఎవరూ ఎక్కించమనలేదు."

"ఆయిలు సరిగ్గా గీత మీదుందా? వెంట్రుకవాసి పైనా కిందా లేకుండా?"

"సరిగ్గా గీత మీదే సార్." మెకానిక్కు గర్వంగానే అన్నాడు. ఆయిలు కొలిచే గేజి కడ్డీ లాగి చూపించాడు. పొడుగాటి ఆ ఇనపకడ్డీ మీద ఆయిలు, గీసిన గీత దగ్గర బుద్ధిగా ఆగి ఉంది.

"రోజూ పనిచేసే యంత్రంలో ఆయిలు అంత మర్యాదగా గీత మీద ఆగడం నేనెప్పుడూ చూడలేదు," అని చాదస్తంగారు తనలో తాను అనుకున్నట్టు అన్నాడు. "ఈ కడ్డీ ఎప్పుడు చూస్తారు మీరు?"

"పొద్దున్నే, స్టార్టు చెయ్యకముందు. యంత్రం నిద్ర లేవకముందే నూనె చూడాలని మాకు పెద్దాయన నేర్పిన పద్ధతి సార్. ఈ యార్డులో అందరం అంతే."

పెద్దాయనంటే ఆపరేటరు మామగారే.

కడ్డీ పెట్టే మూత పక్కన చిన్న రేకుపలక ఒకటి, దాని మీద కూడా పసుపురంగు పూసేసి ఉంది. చాదస్తంగారు జేబులోంచి నాణెం తీసి గీకడం మొదలుపెట్టాడు. యజమాని దూరం నుంచి, "అయ్యా, రంగు పోతుంది!" అని కేకేశాడు. చాదస్తంగారు వినిపించుకోలేదు. గీకినంతమేరా రంగు కింద అక్షరాలు బయటపడ్డాయి. చదివి, టైపిస్టును కూడా చదవమని పక్కకు జరిగాడు. ఇంజను తిరుగుతుండగా, ఆయిలు వేడెక్కాకనే కొలవాలని అందులో ఉంది. టైపిస్టుకు అందులో వింతేమీ కనబడలేదు.

ఆ తర్వాత ఆ వయసులో ఆయన బట్టలు చూసుకోకుండా యంత్రం కింద దూరాడు. టైపిస్టుకు తప్పలేదు, పొట్టను బతిమాలుకుంటూ తానూ దూరాడు. అడుగంతా బురద అట్టలు కట్టి ఉంది. ఒక్క ఆయిలు దించే ప్లగ్గు చుట్టూ మాత్రం అరచేతి మేర శుభ్రంగా తుడిచి ఉంది. ప్లగ్గు కింద కొత్త రాగి వాషరు మెరుస్తోంది. దాని అంచు చేత్తో కత్తిరించినట్టు నొక్కులు నొక్కులుగా ఉంది.

"మీ స్టోర్సులో రాగి వాషర్లున్నాయా?" అని చాదస్తంగారు కింద నుంచే అడిగాడు.

"ఎక్కడివి సార్, పాతవే మళ్ళీ వేస్తాం," అన్నాడు మెకానిక్కు.

చివరగా ర్యాంపు మీదికి కాలినడకన ఎక్కారు. కొత్తగా పోసిన కంకరను చాదస్తంగారు చెప్పుతో తోశాడు. కింద గట్టినేల మీద, బ్లేడంత వెడల్పున, ఈడ్చుకుపోయిన చార ఒకటి సగం నుంచి కిందిదాకా ఉంది.

"బ్లేడు దించాడు," అన్నాడు టైపిస్టు ఆశ్చర్యంగా.

"దించాడు. వెనక్కి వెళ్ళాలనుకున్నవాడు బ్లేడు దించడు. ఆపాలనుకున్నవాడు దించుతాడు."

టైపిస్టు గుండె ఉప్పొంగింది. ఆ క్షణాన ఆ కుట్టుపని అమ్మాయి దగ్గరికి పరుగెత్తుకెళ్ళి చెప్పాలనిపించింది.

* * *

ఆపరేటరు ఇంటికెళ్ళేసరికి ముందుగదిలో అతని భార్య కుట్టుమిషను ముందుంది. ఒక పక్క బట్టల గుట్ట. ఆమె కత్తెరతో గుడ్డ కత్తిరించబోయి, విసుగ్గా పక్కన పడేసింది.

"ఈ కత్తెర చూడండి, మొద్దుబారిపోయింది. అంచంతా నొక్కులు పడింది. గుడ్డ తప్ప ఇంకేదీ కత్తిరించొద్దని మొత్తుకుంటాను. ఇంట్లో ఎవరు వింటారు? ఏ రేకు కత్తిరించారో ఏమో!"

చాదస్తంగారు కత్తెర తీసుకుని, వెలుతురులోకి పట్టి, అంచు మీద వేలు నడిపాడు. చాలాసేపు చూశాడు. టైపిస్టు ఆయన మొహంలోకి చూశాడు. చిక్కుముడి వీడినప్పుడు అక్కడ ఎప్పుడూ కనిపించే మెరుపు ఈసారి రాలేదు. ఆయన కత్తెరను నెమ్మదిగా బట్టల మీద పెట్టాడు.

పెద్దాయన లోపలి గదిలోంచి వచ్చాడు. బక్కపలచటి మనిషి, కడిగిన చేతులు, చొక్కా గుండీలన్నీ పెట్టి ఉన్నాయి.

"అల్లుణ్ణి చూడ్డానికి వెళ్ళలేదట?" అని అడిగాడు చాదస్తంగారు.

"ఏ మొహంతో వెళ్ళమంటారండీ? మేస్త్రీ నాతో పాటు పెరిగినవాడు. ఒకే పళ్ళెంలో తిన్నాం. వాణ్ణి నా శిష్యుడే తొక్కించేశాడు. లివరు చూసుకోకుండా రివర్సు వేశాడంటే నేర్పినవాడిదే తప్పు."

"మీరిప్పుడూ యార్డుకెళ్తారా?"

"పొద్దున్నే ఓసారి. యంత్రాన్ని పలకరించకపోతే కాలూ చెయ్యీ ఆడదు. ఈ కొత్తది మంచి యంత్రమేనండీ. చూసేవాడు లేక పాడవుతోంది, అంతే."

"నాన్నా, టీ చల్లారిపోతోంది," అంది కూతురు. ఆ గొంతులో ఆయన మీద కోపమూ ఉంది, ఆయన సరిగ్గా తినడం లేదన్న దిగులూ ఉంది.

ఆమె గుమ్మం దాకా సాగనంపడానికి వచ్చినప్పుడు చాదస్తంగారు ఆగి అడిగాడు.

"అమ్మా, నీ భర్త రివర్సు వెయ్యలేదు. అది నిరూపించగలను. అయితే ఎందుకు జారిందో కూడా చెప్పకపోతే ఎస్సై నమ్మడు. మొత్తం చెప్పాల్సి వస్తుంది. నిజం మొత్తం కావాలా నీకు? బాగా ఆలోచించుకుని చెప్పు."

ఆమె మొహం వెలిగిపోయింది. "మొత్తం కావాలండీ. ఒక్క ముక్క కూడా దాచొద్దు. ఎవడు చేశాడో వాడి పేరు పదిమందిలో చెప్పండి."

ఇద్దరూ దారి పట్టారు. టైపిస్టుకు కత్తెర, వాషరు, తుడిచిన ప్లగ్గు ఒకటొకటిగా కలిశాయి. కలిశాక, కలవకపోయినా బాగుండుననుకున్నాడు.

"చెప్పకుండా ఉండలేమా, గురువుగారూ?"

"ఉంటే అతను జైల్లో ముసలాడవుతాడు."

"ఆవిడకైనా ముందు చెబితే?"

"చెప్పి, ఎంచుకోమనమంటావా? మొగుడా, తండ్రా అని? ఆ పాపం నేను కట్టుకోలేనోయ్," అన్నాడు చాదస్తంగారు. ఆయన గొంతు అంత నీరసంగా ఉండడం టైపిస్టు ఎన్నడూ వినలేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. పగ్గాలు మాత్రం తమ చేతిలోనే.

* * *

మర్నాడు ర్యాంపు కింద అందరూ చేరారు. ఎస్సై, చేతులకు బేడీలతో ఆపరేటరు, అతని భార్య, యజమాని, మెకానిక్కు. పెద్దాయన రానన్నాడు. యంత్రం గురించి సలహా కావాలని చాదస్తంగారు కబురు పెడితే వచ్చాడు. అల్లుడికి దూరంగా నిలబడ్డాడు.

"ముందు ఒక్క సంగతి," అని మొదలుపెట్టాడు చాదస్తంగారు. "ఈ ర్యాంపు మీద బ్లేడు ఈడ్చుకుపోయిన చార ఉంది. కంకర పోయించింది ఎవరు?"

"నేనే," అన్నాడు యజమాని. "రక్తం కనిపిస్తుంటే కూలీలు రావడం లేదు."

"రక్తంతో పాటు సాక్ష్యం కూడా కప్పేశారు. ఎస్సైగారూ, చంపాలనుకున్నవాడు బ్లేడు దించి బండిని ఆపాలని చూడడు. బ్లేడు దించలేదని ఇతనే నాతో అన్నాడు. తనకు మేలు చేసే నిజాన్ని కూడా దాచాడంటే, ఇతను దాస్తున్నది తనను కాదు."

"సార్, చాలు. రివర్సు నేనే వేశాను," అన్నాడు ఆపరేటరు.

చాదస్తంగారు వినిపించుకోనట్టే మెకానిక్కుకు సైగ చేశాడు. "ఇప్పుడు ఆయిలు చూడు."

"సరిగ్గా గీత మీదుంది సార్."

"ఇంజను వెయ్యి. వేడెక్కనీ."

ఇంజను గుర్రుమంది. పొగగొట్టం మీది మూత ఎగిరెగిరి పడుతోంది. కొంతసేపయ్యాక, ఇంజను తిరుగుతుండగానే కడ్డీ లాగమన్నాడు. మెకానిక్కు లాగాడు, గుడ్డతో తుడిచాడు, మళ్ళీ దించి లాగాడు. గీత దగ్గర చుక్క లేదు. కడ్డీ కొసకు మాత్రం కాస్త తడి అంటింది.

"ఇదేంటి?" అన్నాడు ఎస్సై.

"ఇంజను ఆగితే గొట్టాల్లో ఉన్న ఆయిలంతా అడుక్కి దిగుతుంది, ఎక్కువున్నట్టు కనిపిస్తుంది. తిరుగుతున్నప్పుడు కనిపించేదే అసలు లెక్క. ఆ మాట ఈ పలక మీద రాసి ఉంది. దాని మీద రంగు పూశారు," అన్నాడు చాదస్తంగారు. యజమాని కళ్ళు దించుకున్నాడు. "పాత గేరుబాక్సులకు ఆపి చూడడమే పద్ధతి. అది తెలిసినవాళ్ళు దీన్నీ అలాగే చూశారు. ఇప్పుడు ర్యాంపు ఎక్కించు."

వెనకాల ఎవరూ లేకుండా అందర్నీ పక్కకు జరిపారు. జారితే ఆగేందుకు బండి వెనకాల, ర్యాంపు మొదట్లోనే, మట్టికుప్ప పోయించి ఉంచాడు చాదస్తంగారు. మెకానిక్కు నడుపుతుంటే బుల్‌డోజరు ఎక్కింది. ముక్కు పైకి లేచింది. కొంచెం పైకి వెళ్ళాక ఆయిలు పంపు కీచుమని కూసింది. లివరు ముందుకే ఉంది, ఇంజను అరుస్తోంది, బండి మాత్రం వెనక్కి వస్తోంది. మెకానిక్కు "సార్!" అని కేక పెట్టి బ్రేకు తొక్కాడు, బ్లేడు దించాడు. బ్లేడు నేలను గీరుకుంటూ వచ్చింది, బండి మట్టికుప్పకు కొట్టుకుని ఆగింది.

కిందికి జారి ఆగిన ఆ యంత్రాన్ని చూస్తూ ఆపరేటరు గోడ దొరికితే వెనక్కి ఆనుకునేవాడిలా ఉన్నాడు. అందులో కూర్చున్నవాడు ఏం చేసినా దాన్ని ఆపలేడని ఇప్పుడు అందరికీ తెలిసింది.

పెద్దాయన రెండడుగులు ముందుకొచ్చాడు. జబ్బు ఏమిటో పోల్చుకున్న వైద్యుడి ఉత్సాహం ఆయన కళ్ళలో ఉంది.

"నిజమేనండీ! ఎత్తు ఎక్కేటప్పుడు, తక్కువున్న ఆయిలంతా వెనక్కి పోతుంది. పంపు నోరు ముందుంటుంది. అది గాలి పీలుస్తుంది. క్లచ్చి పట్టదు. బ్రేకుకు బలమిచ్చేదీ ఆ ఆయిలే, కాబట్టి అదీ పట్టదు. అంటే మా అల్లుడు..." అని అల్లుడి వైపు తిరిగాడు. ఇన్నాళ్ళకు మొదటిసారి అతని మొహంలోకి చూశాడు. "నువ్వు రివర్సు వెయ్యలేదా బాబూ?"

ఆపరేటరు బేడీల చేతుల్లోకి మొహం దించుకున్నాడు.

"మరి ఆయిలు ఎవడు తీశాడు?" అన్నాడు ఎస్సై. "దొంగతనమా?"

"దొంగ ప్లగ్గు చుట్టూ బురద తుడవడు," అన్నాడు చాదస్తంగారు. మాటలు ఒక్కొక్కటే బరువుగా వస్తున్నాయి. "పాత వాషరు కారుతుందేమోనని రాగిరేకు తెచ్చి, ఇంట్లో ఉన్న కత్తెరతో గుండ్రంగా కత్తిరించి కొత్త వాషరు వెయ్యడు. ఆయిలు గీత దాటితే నురగొచ్చి వేడెక్కి యంత్రం పాడవుతుందని తెలిసి, సరిగ్గా గీత దాకా దించి ఆపడు. ఇది చేసినవారికి ఈ యంత్రమంటే ప్రాణం."

కత్తెర అన్న మాట దగ్గరే ఆమె చెయ్యి నోటి మీదికి వెళ్ళింది. నిన్న విసుక్కుంటూ అన్న మాట ఇవాళ ఎక్కడికొచ్చి తగిలిందో ఆమెకు తెలిసిపోయింది.

చాదస్తంగారు ఇంకా పేరు చెప్పలేదు. చెప్పే అవసరమూ రాలేదు.

"తిరుగుతుండగానా చూడాలి?" అని పెద్దాయన నెమ్మదిగా అడిగాడు. మెకానిక్కునో, యంత్రాన్నో, ఎవర్ని అడిగాడో తెలియదు. "నేను ఆపి చూశాను. గీతకి చాలా పైనుంది. అమ్మినవాడు తెలివితక్కువగా నింపాడనుకున్నాను. ఆవేళ పొద్దున్నే నేనే తీశాను."

"నాన్నా, ఊరుకో," అంది కూతురు.

"నీకు తెలుసా బాబూ?" అని ఆయన అల్లుణ్ణి అడిగాడు.

"ఆ పొద్దున మీరు బండి కింద నుంచి రావడం చూశాను మామయ్యా," అన్నాడు ఆపరేటరు. "అప్పుడేమీ అనుకోలేదు. లివరు ముందుకు తోసినా వెనక్కి వెళ్తున్నప్పుడు తెలిసింది."

"మరి రివర్సు వేశానని ఎందుకన్నావు?"

"చెబితే మీరు బతకరని."

పెద్దాయన తల ఊపాడు, లెక్క సరిపోయిందన్నట్టు. నేల మీద చతికిలబడ్డాడు. కూతురు వెళ్ళి పట్టుకోబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. "వాడు నాకు చిన్నప్పట్నుంచీ తెలుసు," అని మాత్రం అన్నాడు. మేస్త్రీ గురించి.

ఎస్సై ఆపరేటరు బేడీలు విప్పించాడు. ఇందులో హత్య లేదనీ, నిర్లక్ష్యం ఎవరిదో కోర్టు తేల్చాలనీ, పెద్దాయన వాంగ్మూలం మాత్రం తప్పదనీ అన్నాడు. యజమానినీ రమ్మన్నాడు. తనకూ ఇష్టం లేని పని చేస్తున్నవాడిలా అన్నాడు.

ఆమె చాదస్తంగారి దగ్గరికొచ్చింది. తిడుతుందేమోనని టైపిస్టు భయపడ్డాడు. తిట్టలేదు.

"నేను మీ దగ్గరికి ఎందుకొచ్చానండీ?" అంది.

చాదస్తంగారు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ తుడిచాడు. టైపిస్టుకు ఆయన మీద జాలేసింది. అంతటివాణ్ణి చూసి జాలిపడే రోజొస్తుందని తను ఏనాడూ అనుకోలేదు.

జీపు వెనకాల తలుపు తీశారు. ఎవరి సాయమూ లేకుండా పెద్దాయన ఎక్కి కూర్చున్నాడు. తలుపు వెయ్యబోతుండగా ఆపరేటరు వచ్చి ఎక్కి, ఆయన పక్కన కూర్చున్నాడు.

"నువ్వు దిగు బాబూ. నిన్ను వదిలేశారుగా."

"వదిలేశారు మామయ్యా. మీరొక్కరూ ఎలా వెళ్తారు?"

"అమ్మాయి ఒక్కతే ఉంది."

ఆపరేటరు భార్య వైపు చూశాడు. ఆమె అతన్ని దిగమనలేదు, వెళ్ళమనీ అనలేదు. జీపు కదిలింది. మొగుణ్ణి ఇంటికి తీసుకెళ్దామని వచ్చిన మనిషి, ఇద్దర్నీ పంపించి ర్యాంపు కింద నిలబడి ఉంది.